షవర్ ఎటువైపు?



ఇంటర్ ప్రాక్టికల్స్‌లో సాల్ట్ ఎనాలిసిస్ చేసే పిల్ల, ఎమ్మెస్సీ ముగించి పాశమైలారంలోనో పరవాడలోనో మందుల కంపెనీలో చేరిన కుర్రాడు, అమెరికాలో పీహెచ్‌డీ చేస్తూ అర్ధరాత్రి దాకా ల్యాబ్‌లోనే ఉండిపోయే అమ్మాయి. వీళ్ళలో ఒకరైనా లేని వీధి మన రెండు రాష్ట్రాల్లో ఇప్పుడు అరుదు. ఈ పూట నా మాటలు వాళ్ళకోసం, వాళ్ళకు చదువు చెప్పేవాళ్ళకోసం. యూనివర్సిటీ ల్యాబ్‌లో ప్రమాదం జరిగితే మొదటి నిమిషంలో ఏం జరుగుతుంది, ఏం జరగాలి అన్నదే విషయం. తల్లిదండ్రులు వింటే ఇంకా సంతోషం. ఫోన్ చేసినప్పుడు తిన్నావా, పడుకున్నావా అని అడిగేవాళ్ళు, ల్యాబ్‌లో షవర్ ఎటువైపు, పక్కన ఎవరున్నారు అని ఇంకో రెండు ప్రశ్నలు కూడా అడగొచ్చు కదా.

2008 డిసెంబరు 29. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం. యూసీఎల్‌ఏ అంటే మన పిల్లలకు బాగా తెలుసు. క్రిస్మస్‌కీ కొత్త సంవత్సరానికీ మధ్య వారం కాబట్టి క్యాంపస్ సగం ఖాళీ. అక్కడి ఆర్గానిక్ కెమిస్ట్రీ ల్యాబ్‌లో షెహర్‌బానో సాంగ్జీ అనే అమ్మాయి పనిచేస్తోంది. వయసు 23. ఆ ఏడాదే పొమోనా కాలేజీలో డిగ్రీ పూర్తిచేసింది. లా చదవాలని కోరిక. ఈలోగా రీసెర్చ్ అసిస్టెంటుగా అక్టోబరులో ఈ ల్యాబ్‌లో చేరింది.

ఆ రోజు ఆమె చేతిలో ఉన్నది టెర్షియరీ బ్యూటైల్ లిథియం. దానికి అగ్గిపుల్ల అక్కర్లేదు, గాలి తగిలితే చాలు, దానంతటదే భగ్గుమంటుంది. అందుకే పెంటేన్‌లో కరిగించి, గాలి చొరబడకుండా మూసిన సీసాలో అమ్ముతారు. సీసాలోంచి దాన్ని తీయడానికి ఒక పద్ధతి ఉంది. ఎక్కువ మోతాదు కావాలంటే రెండు మొనలున్న సన్నటి స్టీలు గొట్టం గుండా, నైట్రోజన్ వంటి వాయువు ఒత్తిడితో, ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి పంపాలి. సిరంజీయే వాడాల్సి వస్తే గాజుది వాడాలి, అది తీసుకోబోయే ద్రవానికి రెట్టింపు పట్టేదిగా ఉండాలి. షెహర్‌బానో వాడింది 60 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ సిరంజీ. దాదాపు నిండా లాగుతుండగా ప్లంజర్ ఊడి వచ్చేసింది. ద్రవం చేతుల మీదా ఒంటి మీదా చిమ్మి అంటుకుంది. పక్కనే ఉన్న హెక్సేన్ ఫ్లాస్కు కూడా ఒలికింది.

ఒంటి మీద ల్యాబ్ కోటు లేదు. వేసుకున్నది సింథటిక్ స్వెటరు. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు నైలాన్ చీరతో పొయ్యి దగ్గరికి వెళ్ళొద్దని ఎందుకు అరుస్తారో ఇక్కడా అంతే. నూలు బట్ట కాలి బూడిదైపోతుంది. సింథటిక్ బట్ట కరిగి చర్మానికి అతుక్కుంటుంది. ఒంట్లో నలభై శాతానికి పైగా కాలింది. 18 రోజులు మృత్యువుతో పోరాడి 2009 జనవరి 16న ఆ అమ్మాయి కన్నుమూసింది.

సిరంజీ గురించీ స్వెటరు గురించీ చాలామంది రాశారు, చెప్పారు. నన్ను ఎక్కువగా వెంటాడేది ఆ తర్వాతి ఒకటి రెండు నిమిషాలు. ఆ ల్యాబ్‌లోనే, దగ్గర్లోనే, ఎమర్జెన్సీ షవర్ ఉంది. తలమీద నుంచి కుండపోతగా నీళ్ళు కురిపించే షవర్. దాని కిందికి షెహర్‌బానో వెళ్ళలేదు. కేక విని పరుగెత్తుకొచ్చిన సహచర పరిశోధకుడు తన ల్యాబ్ కోటు ఆమె మీద కప్పి మంట ఆర్పబోయాడు, ఆ కోటూ అంటుకుంది. సింకులోంచి నీళ్ళు పట్టి పోశారు. వాళ్ళు భయపడి పారిపోలేదు, మనసున్న మనుషులు, చేతనైనంత చేశారు. షవర్ దగ్గరికి ఆమెను నడిపించాలన్న ఆలోచన మాత్రం ఆ క్షణంలో ఎవరికీ రాలేదు.

దీన్ని తెలివితక్కువతనం అనుకుంటే పొరపాటే. డాక్టరేట్లు ఉన్న పరిశోధకులు వాళ్ళు. మంటలో చిక్కుకున్న మనిషి మెదడు లెక్కలు వేయదు. చూస్తున్నవాడి మెదడూ వేయదు. అంతకుముందు ఒళ్ళు ఏ పని చేసి ఉందో అదే మళ్ళీ చేస్తుంది. ఏ పనీ చేసి ఉండకపోతే, తోచింది చేస్తుంది. గోడమీద షవర్ గుర్తున్న పచ్చరంగు బోర్డు పదేళ్ళుగా కళ్ళెదుట ఉన్నా, ఆ షవర్ గొలుసు ఒక్కసారైనా లాగని చెయ్యి ఆ క్షణంలో అటు పోదు. ఈ ప్రసంగంలో నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. ల్యాబ్‌లో మొదటి సహాయం ఫైరింజను రూపంలో రాదు, 108 రూపంలోనూ రాదు. పక్క బెంచి దగ్గర నిలబడ్డవాడి రూపంలో వస్తుంది. ఆ పక్కవాణ్ణి తయారుచేయడం యూనివర్సిటీ పని, ప్రొఫెసర్ పని.

షవర్ గురించి, కళ్ళు కడిగే ఐవాష్ గురించి అమెరికాలో ఒక ప్రమాణం ఉంది. చాలా దేశాల్లో దాన్నే కొలబద్దగా పెట్టుకుంటారు. ప్రమాదకరమైన రసాయనం వాడే చోటునుంచి పది సెకన్లలో వాటిని చేరుకోగలగాలి. దారిలో మెట్లు ఉండకూడదు, గడి పెట్టిన తలుపు ఉండకూడదు, అడ్డంగా స్టూలు కూడా ఉండకూడదు. షవర్ నిమిషానికి సుమారు 75 లీటర్ల నీళ్ళు పోయాలి, ఆగకుండా 15 నిమిషాలు. ఒకసారి లాగాక చెయ్యి వదిలేసినా నీళ్ళు పడుతూనే ఉండాలి, ఎందుకంటే ఆ చేతులకు వేరే పని ఉంటుంది. వారానికొకసారి వదిలి చూడాలి.

మన దగ్గర సంగతి చూద్దాం. ఒక కాలేజీ ల్యాబ్‌లో చూసిన దృశ్యం చెబుతాను, పేరు అనవసరం. షవర్ కొత్తదే, మెరుస్తోంది. లాగే గొలుసును మాత్రం పైకి మడిచి, పురికొసతో పైపుకి కట్టేశారు. ఎందుకని అడిగితే అటెండర్ నేల చూపించాడు. షవర్ కింద నీళ్ళు పోయే తూము లేదు. ఎవరైనా పొరపాటున లాగితే గదంతా చెరువవుతుంది, కింది అంతస్తులో ఇన్‌స్ట్రుమెంట్ రూము ఉంది, లక్షల రూపాయల యంత్రాలు. అతని భయం న్యాయమైనదే, తడిస్తే మాట పడేది తనే. తనిఖీ వాళ్ళకు షవర్ కనబడింది, టిక్కు పడింది. గొలుసు కట్టినవాడు తెలివిగలవాడు, తూము లేకుండా బిల్డింగు కట్టి బిల్లు తీసుకున్నవాళ్ళను అడిగేవాళ్ళే లేరు. ఐవాష్ సంగతీ అంతే. నెలల తరబడి వదలని పైపులోంచి మొదట వచ్చేది తుప్పు నీళ్ళు. యాసిడ్ పడ్డ కంట్లోకి ఆ తుప్పు కొట్టించుకోవాలా? వారానికోసారి వదలాలన్న నియమం అందుకే ఉంది. అటెండర్‌కి సోమవారం పొద్దున ఐదు నిమిషాల పని. తూము లేకపోతే కింద పెద్ద ప్లాస్టిక్ టబ్బు పెట్టి వదలవచ్చు.

ఇక మనవాళ్ళు పైకి చెప్పుకోని ఇబ్బంది ఒకటుంది. రసాయనంతో తడిసిన బట్టలు ఒంటిమీద ఉండగా ఎన్ని నీళ్ళు పోసినా పూర్తి ఫలితం ఉండదు. షవర్ కింద నిలబడి వాటిని విప్పేయాలి. నలుగురు మగపిల్లలు, ఇద్దరు లెక్చరర్లు చూస్తుండగా ఏ ఆడపిల్ల విప్పుతుంది? మగపిల్లలకు మాత్రం సిగ్గుండదా? కాలుతున్నా సరే, బాత్‌రూమ్ దాకా పరుగెడతారు. ఆ పరుగులో పోయే నిమిషం చర్మంలో లోతుగా దిగుతుంది. సిగ్గుపడొద్దని పాఠం చెబితే సిగ్గు పోదు. షవర్ చుట్టూ ఒక కర్టెను కట్టించండి. పక్క అల్మారాలో రెండు దుప్పట్లు, రెండు జతల వదులు బట్టలు, ఒక కత్తెర పెట్టించండి. తలమీదుగా లాగితే ముఖానికి అంటుతుందనుకున్న చుడీదార్‌ని కత్తిరించడానికి ఆ కత్తెర. ఖర్చు రెండు మూడు వేలు దాటదు. మిగతావాళ్ళను గదిలోంచి బయటికి పంపి, ఒక ఆడ లెక్చరరో స్నేహితురాలో తోడుండాలని ముందే అనుకుని ఉంటే ఆ నిమిషం మిగులుతుంది.

పదిహేను నిమిషాల లెక్క గురించి కూడా ఒక మాట. కంట్లో ఏదైనా పడితే మనం రెండు దోసిళ్ళు కొట్టుకుని, మంట తగ్గిందని ఆపేస్తాం. సోడియం హైడ్రాక్సైడ్ లాంటి క్షారాలు మంట తగ్గాక కూడా కంటి పొరల్లోకి దిగుతూనే ఉంటాయి. రెప్పలు వేళ్ళతో తెరిచి పట్టుకుని, కనుగుడ్డు అటూ ఇటూ తిప్పుతూ పూర్తిగా పదిహేను నిమిషాలు కడగాలి. బాధతో ఉన్నవాడు తనంతట తాను అంతసేపు ఉండలేడు, కళ్ళు బిగించేస్తాడు. పక్కనుండి గడియారం చూస్తూ, ఇంకా ఆరు నిమిషాలు, కొంచెం ఓర్చుకో అమ్మా అనే మనిషి కావాలి. అలాగే యాసిడ్ పడిందని దానిమీద సోడా ఉప్పు చల్లడం, కాలిందని టూత్‌పేస్టో సిరానో పూయడం. దయచేసి వద్దు. ముందు నీళ్ళు, ధారగా నీళ్ళు.

షవర్ దూరంగా ఉండి బట్టలంటుకుంటే పరుగెత్తకూడదు. పరుగు మంటకు గాలి విసురుతుంది. నేలమీద పడి దొర్లాలి, పక్కవాడు పడేసి దొర్లించాలి. ఇది ప్రతి ఏడాదీ మొదటి వారంలో, నవ్వుకుంటూనైనా సరే, పిల్లల చేత ఒకసారి చేయించాలి. కళ్ళు మూసుకుని తన బెంచి దగ్గర్నుంచి షవర్ దాకా నడవగలడా అని చూడాలి. యాసిడ్ కంట్లో పడ్డవాడు కళ్ళు తెరిచి వెతుక్కోలేడు కదా.

ఇప్పుడు పెద్దల బాధ్యత దగ్గరికి వస్తాను. షెహర్‌బానో ప్రమాదానికి రెండు నెలల ముందు, అక్టోబరులోనే, యూనివర్సిటీ భద్రతాధికారులు ఆ ల్యాబ్‌ని తనిఖీ చేశారు. పనిచేసేవాళ్ళు కోట్లు వేసుకోవడం లేదని రాశారు. కాగితం ఉంది, కోటు లేదు. ప్రమాదం తర్వాత కాలిఫోర్నియా కార్మిక భద్రతా శాఖ 31,875 డాలర్ల జరిమానా వేసింది. కథ అంతటితో ఆగలేదు. 2011 డిసెంబరులో ఆ ల్యాబ్ నడిపే ప్రొఫెసర్ పాట్రిక్ హ్యారన్ మీదా, యూనివర్సిటీ పాలక మండలి మీదా క్రిమినల్ కేసు పెట్టారు. అమెరికాలో విశ్వవిద్యాలయ ల్యాబ్ ప్రమాదానికి అలాంటి కేసు అదే మొదటిది. 2012లో పాలక మండలి తప్పనిసరి భద్రతా చర్యలకు ఒప్పుకుని, ఆ అమ్మాయి పేరిట 5 లక్షల డాలర్లతో లా విద్యార్థులకు స్కాలర్‌షిప్ పెట్టింది. 2014లో ప్రొఫెసర్ 800 గంటల సమాజసేవకూ, కాలిన గాయాల ఆసుపత్రికి 10,000 డాలర్లు ఇవ్వడానికీ అంగీకరించాడు. ఆ శిక్ష సరిపోయిందా అని ఆమె కుటుంబం అప్పుడే అడిగింది. సరిపోలేదనే నా అభిప్రాయం కూడా. కానీ ఆ కేసు నడిచిన ఏళ్ళలోనే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ల్యాబుల్లో కోటు లేకుండా బెంచి దగ్గరికి రానివ్వని పద్ధతి వచ్చింది. ప్రొఫెసర్‌ని కోర్టుకీడిస్తేగానీ కదలని సంగతి అది.

ఆ మధ్యలోనే ఇంకో ప్రమాదం జరిగింది. 2010 జనవరి 7, టెక్సస్ టెక్ యూనివర్సిటీ. పేలుడు స్వభావమున్న నికెల్ హైడ్రజీన్ పెర్‌క్లోరేట్ తయారుచేస్తున్నారు. వంద మిల్లీగ్రాములకు మించి చేయొద్దని గైడు నోటిమాటగా చెప్పారు. పరీక్షలన్నిటికీ ఒకే బ్యాచ్ సరిపోతుందని విద్యార్థులు పది గ్రాములు చేశారు. వంద రెట్లు. హెక్సేన్‌తో తడిపితే ప్రమాదం లేదనుకుని ఒకతను అందులో సగాన్ని కల్వంలో వేసి, ఉండలు చిదుముతున్నాడు. పని అయిపోయిందనుకుని కళ్ళద్దాలు తీసేశాడు. మళ్ళీ ఒకసారి కలిపాడు. పేలింది. మూడు వేళ్ళు పోయాయి, ముఖం కాలింది, కన్ను దెబ్బతింది. దర్యాప్తు చేసిన అమెరికా కెమికల్ సేఫ్టీ బోర్డు ఏం కనిపెట్టిందంటే, ఆ బృందంలోనే అంతకుముందు తృటిలో తప్పిన ప్రమాదాలు ఉన్నాయి. ఎవరికీ పెద్ద దెబ్బ తగల్లేదు కాబట్టి వాటినుంచి ఎవరూ ఏమీ నేర్చుకోలేదు.

ఇది మన ల్యాబులకు అచ్చంగా వర్తిస్తుంది. చిన్న మంట వచ్చి ఆరిపోతే, ఫ్లాస్కు పగిలి బెంచంతా చిమ్మితే, మొదట వినబడే మాట "సార్‌కి చెప్పకురా". ఎందుకు చెబుతారు? చెబితే తిట్లు, ఇంటర్నల్ మార్కులు, సంతకం కాని రికార్డు, ఏడాది వెనక్కిపోయే థీసిస్. పెద్దల ముందు నోరెత్తకూడదన్న పెంపకం ఎలాగూ ఉంది. గైడు మనసులో ఒక్కటి నిర్ణయించుకోవాలి. తృటిలో తప్పిన ప్రమాదం గురించి వచ్చి చెప్పిన విద్యార్థిని ఎట్టి పరిస్థితుల్లోనూ తిట్టకూడదు. వారం మీటింగులో రిజల్ట్స్ చూసేముందు, ఈ వారం ఏ ప్రమాదం తప్పింది అని అడగాలి. మొదటి మూడు వారాలు అందరూ తలవంచుకునే ఉంటారు. నాలుగో వారం ఎవరో ఒకరు నోరు విప్పుతారు.

నేర్చుకోవాల్సింది విద్యార్థులే అనుకోకండి. డార్ట్‌మత్ కాలేజీ ప్రొఫెసర్ కారెన్ వెటర్‌హాన్ విషపు లోహాల మీద పేరున్న శాస్త్రవేత్త. 1996 ఆగస్టులో డైమిథైల్ మెర్క్యురీ చుక్క ఒకటి రెండు ఆమె గ్లవ్ మీద పడ్డాయి. హుడ్‌లో పనిచేస్తూనే ఉంది, గ్లవ్స్ వేసుకునే ఉంది, నియమం ఏదీ తప్పలేదు. అది లేటెక్స్‌ను పదిహేను సెకన్లలోపే దాటి చర్మంలోకి వెళ్ళిపోతుందని తర్వాత జరిపిన పరీక్షల్లో బయటపడింది. 1997 జూన్‌లో ఆమె మరణించింది. గ్లవ్ అంటే ఏ గ్లవ్, దేనికి, ఎంతసేపటికి అన్న ప్రశ్న ఆ తర్వాతే ప్రపంచమంతా గట్టిగా వినబడింది. మన దగ్గర ఇంకా కొన్ని చోట్ల పిపెట్ నోటితో పీల్చడమే నడుస్తోంది. ఒక రబ్బరు బల్బు ఖరీదు ఎంత?

ఈ అలవాట్లు కాలేజీ గేటు దగ్గర ఆగిపోవు. మన ఎమ్మెస్సీ పిల్లలు నేరుగా వెళ్ళేది మందుల ఫ్యాక్టరీలకు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఒక ఫార్మా యూనిట్‌లో సాల్వెంట్ లీకై, ఆవిరి అంటుకుని 17 మంది చనిపోయారు. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక ఫార్మా ఫ్యాక్టరీ పేలుడులో నలభై మందికి పైగా పోయారు. వాటి కారణాలు వేరు, బాధ్యులు వేరు, పనిచేసేవాళ్ళ మీదికి నెట్టేస్తే అన్యాయం. అయితే లీకు కనబడగానే మేనేజరు మొహం చూడకుండా అందరూ బయటికి రండి అని అరవగల గొంతు ఎక్కడ తయారవుతుంది? చదువుకున్న ల్యాబ్‌లోనే.

ఒంటరిగా పనిచేయొద్దన్న నియమం గురించి ఎక్కువ చెప్పను, ఇంతవరకు చెప్పిందంతా దానికి కారణమే. రాత్రి పన్నెండింటికి ఇంకొకరు లేకపోతే పక్కవాడనేవాడు ఉండడు. రాసుకునే పని, లెక్కల పని ఒంటరిగా చేసుకోండి, సీసా మూత మాత్రం తీయకండి.

చివరిగా, ఫోన్ చేసే పని. 108, 112 మన రాష్ట్రాల్లో అందరికీ నోటికి వచ్చు. కష్టం తర్వాత మొదలవుతుంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ చాలా పెద్ద క్యాంపస్. అంబులెన్సు గేటు దాకా వస్తుంది, అక్కణ్ణుంచి స్కూల్ ఆఫ్ కెమిస్ట్రీ ఎటో డ్రైవరుకి ఎలా తెలుస్తుంది? ఏ గేటో ఫోన్లోనే చెప్పాలి, ఒక మనిషి ఆ గేటుకి బైకు మీద వెళ్ళి ముందు నడిపించుకు రావాలి, సెక్యూరిటీ వాళ్ళకు ఇంకొకరు చెప్పి అడ్డుకర్ర ఎత్తించాలి.

రోగితో పాటు ఒక కాగితం కూడా వెళ్ళాలి. ప్రతి రసాయనానికీ తయారీదారు ఇచ్చే సేఫ్టీ డేటా షీటు ఉంటుంది. క్యాజువాలిటీలో ఉన్న డ్యూటీ డాక్టరు దగ్గరికి "ఏదో యాసిడ్ పడిందండీ" అని తీసుకెళితే, ఆయన మామూలు కాలిన గాయంలాగే చూస్తాడు. అది హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ అయితే మామూలు గాయం కాదు. పలచటిదైతే మొదట నొప్పి కూడా పెద్దగా ఉండదు, లోపలికి దిగి ఒంట్లోని కాల్షియాన్ని పట్టేస్తుంది, గుండె లయ తప్పవచ్చు. దానికి కాల్షియం గ్లూకోనేట్ కావాలి, వెంటనే కావాలి. ఆ యాసిడ్ సీసా కొన్న ప్రతి ల్యాబ్‌లోనూ ఆ జెల్ ట్యూబు కూడా ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో ఉండాలి. దానిమీద ఎక్స్‌పైరీ తేదీ ఉంటుంది, రేపు వెళ్ళగానే తీసి చూడండి. షీట్లన్నీ కంప్యూటర్‌లో ఉన్నాయని ఊరుకోవద్దు. మీ ల్యాబ్‌లోని ప్రాణాంతకమైన ఐదారు రసాయనాల షీట్లు ప్రింటు తీసి, తలుపు పక్కన మేకుకి తగిలించి ఉంచండి. రోగిని అంబులెన్సు ఎక్కించే మనిషి చేతికి అవి తేలిగ్గా అందాలి.